బత్తాయిలొద్దు, ఒక ఊరు తెండి

మైనం కాగితం విప్పగానే వచ్చే బేకరీ బ్రెడ్డు వాసన, దాని పక్కన ఒలిచిన బత్తాయి తొక్క వాసన. ఈ రెండూ కలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు వెచ్చబడినట్టే ఉంటుంది. ఇవాళ సాయంత్రం పక్క ఫ్లాటు ఆవిడ మా అమ్మాయిని చూడ్డానికి వచ్చి ఆ రెండూ నా చేతిలో పెట్టారు. గుమ్మం దగ్గరే నిలబడి "పాపం, ఎంత నీరసించిపోయిందో" అని, కాసేపుండి వెళ్ళిపోయారు. లోపలికి రమ్మని అనాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. తెచ్చినవి పెట్టడానికి బల్లమీద చోటు లేక, అట్టపెట్టెలన్నీ ఒక పక్కకి నెట్టాను.

ఆ పెట్టెల్లో ఉన్నది ప్రపంచం. మా అమ్మాయికి ఆయాసం. బడికి వెళ్ళిన రోజులకన్నా వెళ్ళని రోజులే ఎక్కువైపోయి, ఈ ఏడాదినుంచి ఇంట్లోనే చదివించి ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయించాలనుకున్నాం. లెక్కలూ సైన్సూ ఎలాగో తేల్చుకున్నాను. భూగోళం, ప్రపంచ సంస్కృతులు అనే దగ్గరికి వచ్చేసరికి తల బొప్పి కట్టింది. ఒక కంపెనీవాళ్ళు వారానికొక దేశం అంటారు. జెండా, నాట్యం, ఒక వంటకం, పిల్ల చేతిలోని ఉత్తుత్తి పాస్‌పోర్టు మీద ఒక ముద్ర, అక్కడితో ఆ దేశం సరి. ఇంకొకరివి ఖండాలవారీ వీడియోలు. మరొకరిది అచ్చంగా ప్రశ్నా జవాబూ. నమూనాలు పంపించి రోజూ ఫోన్లు: "మేడం, డిసైడ్ అయ్యారా?" ఆఫీసునుంచి వచ్చి, వంట చేసి, పిల్లకి నెబ్యులైజర్ పెట్టి కూలబడేసరికి, ఫిన్లాండ్ ఎక్కడుంటే నాకేం అనిపిస్తుంది. అలా కూలబడి ఉండగానే ఆ బ్రెడ్డు వాసన తగిలింది. ఖమరున్నీసా టీచరుగారు గుర్తొచ్చారు.

తొంభైల మొదట్లో మేం చోడవరంలో ఉండేవాళ్ళం. నాన్న మండలాఫీసులో గుమాస్తా. నేను ఏడో తరగతిలో ఉండగా కీళ్ళ జ్వరం వచ్చి గుండె దాకా పాకింది. విశాఖపట్నం పెద్దాసుపత్రి డాక్టరు, మూడు వారాలకోసారి ఇంజెక్షను, మిగతా కాలమంతా మంచం, బడి మాట ఎత్తొద్దు అన్నాడు. అప్పట్లో ఏడో తరగతికి అన్ని బళ్ళకీ కలిపి ఒకే పరీక్ష ఉండేది. నాన్న హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళి నా పేరు కొట్టెయ్యకుండా ఒప్పించుకుని వచ్చారు. ఆ సాయంత్రం నా మంచం దగ్గర నిలబడి, "ఈ పరీక్ష గట్టెక్కితే సదువు. లేకపోతే ఇంక ఇంటి పట్టునే ఉందువుగాని" అన్నారు. కోపంగా అన్నది కాదు. బాగా భయపడిపోయి ఉన్నారు.

మా వీధి చివర ఇంట్లో ఉండేవారు టీచరుగారు. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ తల్లి, ఆ తల్లికి ఈవిడ తప్ప ఎవరూ లేరు. అంత చాకిరీలోనూ, మా అమ్మ ఒక్కసారి అడిగిందని, బడి అయ్యాక మా ఇంటికి వచ్చేవారు. కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, చెప్పులు విప్పి, స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవారు. "ఉండే గుంటా, ముందు ఊపిరి తీసుకోనీ" అనేవారు. మా వైపు ఆడపిల్లని గుంట అనే పిలుస్తారు. అమ్మ టీ ఇచ్చేదాకా ఆ కళ్ళు తెరుచుకునేవి కావు. చీకటి పడే వేళకి, నమాజు టైమైందంటూ లేచి వెళ్ళిపోయేవారు. ఈ మధ్యలో ఉన్న కాస్త పొద్దే నా బడి.

ఆ పొద్దు కూడా మొదట్లో దక్కేది కాదు. జబ్బు మనిషిని చూడ్డానికి రావడం మా వైపు తప్పనిసరి మర్యాద. రాకపోతే మాట వస్తుంది. బుచ్చయ్యపేటనుంచీ దేవరాపల్లినుంచీ చుట్టాలు బస్సు దిగి, బజార్లో బ్రెడ్డు పొట్లం, బత్తాయిలు కొనుక్కుని సరాసరి నా మంచం చుట్టూ చేరేవారు. "పాపం, గుంట ఎలాటిది ఎలాగైపోయిందో!" అనేవారు. తరవాత, ఇదే జబ్బుతో పోయిన ఎవరో పిల్ల కథ మొదలుపెట్టేవారు. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఒకరోజు టీచరుగారు వచ్చేసరికి అలాంటి కథే సగంలో ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని అంతా విన్నారు. విని, చాలా నెమ్మదిగా, "అమ్మా, ఈ మారు వచ్చినప్పుడు బత్తాయిలొద్దు, ఒక ఊరు తెండి" అన్నారు.

వాళ్ళకేం అర్థం కాలేదు. "మీరు ఎక్కడైనా ఉండొచ్చిన ఊరు. అక్కడ ఏటి తింటారు, నీళ్ళెక్కణ్ణుంచి తెచ్చుకుంటారు, అయ్యి సెప్పండి. ముఖ్యంగా, అక్కడ మనిషికి జబ్బు సేస్తే సూడ్డానికొచ్చినోళ్ళు ఏటి పట్టుకొస్తారో సెప్పండి. ఏ ఊరూ లేనోళ్ళు వాకిట్లోంచి సూసి ఎల్లిపోండి, గుంటకి పాఠాలున్నాయి" అన్నారు టీచరుగారు. చుట్టాలకి కోపం వచ్చింది. అమ్మ తలకొట్టుకుంది. టీచరుగారు మాత్రం ఆ మాట బడిలోనూ బజార్లోనూ చెప్పుకుంటూ పోయారు. మిగతా సబ్జెక్టులు తోటి పిల్లల నోట్సులు తెప్పించుకుని చదువుకునేదాన్ని. సోషల్ పుస్తకం ఒక్కటే నా తలగడ కింద కొత్త వాసనతో ఉండిపోయింది.

మొదట వచ్చింది రంగం మామ్మ. రంగం అంటే రంగూన్. మా వైపు నించి వెనకటి కాలంలో కూలికి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు ఆ ఊరిని అలాగే పిలిచేవారు. ఆవిడ చిన్నతనమంతా అక్కడే. పళ్ళు లేని నోటితో, ఎవరో తరుముతున్నట్టు గబగబా చెప్పింది. "ఇశాపట్నంలో ఓడెక్కితే నీళ్ళు, నీళ్ళు. నీలంగా ఉంటాయి. ఒక పొద్దు లెగిసి సూసేతలికి మట్టినీళ్ళు. అప్పుడు తెలుస్తాది రంగం వచ్చీసిందని. ఆ ఎనక బంగారు గోపురం మెరుస్తాది. మా అయ్య బియ్యం మిల్లులో పన్జేసీవోడు. నాకు జొరమొస్తే పక్కింటి బర్మా ఆవిడ బువ్వ మెత్తగా గంజిలాగ ఉడకేసి, కోడిముక్కలేసి తెచ్చీది. ఏదో సెక్క అరగదీసి సల్లగా నా మొకానికి రాసీది. మాట్లాడీది కాదు, కూకునుండీది."

"మరి తిరిగొచ్చినప్పుడో?" అన్నారు టీచరుగారు.

"యుద్ధమొచ్చి ఓడల్లేవు కదమ్మా. అడివంట నడిసొచ్చేం. తోవలో అయ్యకి జొరమొచ్చింది. అక్కడెవులొస్తారు సూడ్డానికి? ఎవులూ రాలేదు."

ఆవిడ వెళ్ళిపోయాక టీచరుగారు సంచిలోంచి బడి అట్లాసు తీసి నా దుప్పటి మీద పరిచారు. సముద్రంలోకి మట్టినీళ్ళు ఎందుకొచ్చాయో, ఏ నది తెచ్చిందో, ఆ మట్టిలో వరి ఎందుకంతగా పండిందో, మిల్లులు ఎందుకొచ్చాయో, మనవాళ్ళు ఎందుకెళ్ళారో, మామ్మ మాటల వెనకాలే ఒక్కొక్కటీ వేలితో చూపించారు. చివర్లో, మామ్మ నడిచిన అడవి మీద కాసేపు చెయ్యి ఉంచారు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత నేను గోడవైపు తిరగకుండా పడుకున్నాను.

తరవాత సత్తిబాబు అనే టైలరు వచ్చాడు. కువైట్‌లో ఏళ్ళ తరబడి కుట్టుపని చేసి, అక్కడ యుద్ధం వస్తే కట్టుబట్టలతో తిరిగొచ్చినవాడు. జబ్బుచేస్తే ఏం పట్టుకెళ్తారన్న ప్రశ్నకి బుర్ర గోక్కున్నాడు. "అరబ్బోళ్ళ సంగతి నాకు తెల్దు టీచరుగారూ. కొలతలకని గుమ్మం దాకా ఎళ్ళీవోణ్ణి. లోపలికెప్పుడూ ఎళ్ళలేదు. మా రూములో పెషావరోడొకడుండీవోడు. వాడి బాస నాకు రాదు, నాది వాడికి రాదు. నేను జొరంతో పడుంటే ఏలక్కాయలేసి టీ కాసి, గ్లాసు నా నోటికి పట్టేడు. యుద్ధంలో ఎటు పోయేడో మరి." అతను వెళ్ళాక టీచరుగారు, "అన్నేళ్ళున్నాడు, ఒక్క గుమ్మం దాటలేదు. ఇది గుర్తెట్టుకోయే గుంటా. పుస్తకంలో ఉండదు" అన్నారు. ఇంకాస్సేపటికి, నాతో కాదన్నట్టుగా, "మన ఊళ్ళో దేశాలు సూసినోళ్ళందరూ యుద్ధం తరిమితే వచ్చినోళ్ళే" అన్నారు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నాన్న పెందరాళే వచ్చారు. తలగడ కింద పుస్తకం లాగి చూశారు. ఒక్క పేజీ నలగలేదు. ఆయనకి ఒళ్ళు మండింది. "ఏటండీ టీచరుగారూ ఇది? పరీక్షలో రంగం మామ్మ గురించి అడుగుతారా?"

"అడగరు బాబూ." కళ్ళు తెరవలేదావిడ. ఆ వేళ మరీ అలిసిపోయి ఉన్నారు.

"మరి గుంట తప్పితే?"

"తప్పితే నా మాట పోద్ది, దాని సదువు పోద్ది. నాకూ భయమే. వచ్చీ నెల్నించీ పుస్తకమే సెప్తాను. కానీ మంచం మీద పడున్న గుంటకి ముందు ఈ గోడల అవతల ఏదో ఉందని తెలవాలి కదా. లేకపోతే పుస్తకం ఎందుకు సదువుతాది?" అప్పుడు కళ్ళు తెరిచి నాన్నవైపు చూశారు. "మీరూ పొద్దున్నా సాయంత్రం వచ్చి దీన్ని సూసి ఎల్తన్నారు. మీరేటి తెచ్చేరు?"

నాన్న నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆయన పుట్టింది చీడికాడ అవతల కొండ దిగువన. "నేనెక్కడికెళ్ళేను, టీచరుగారూ" అంటూనే మొదలుపెట్టారు. "మా అయ్యకి జబ్బు సేసినప్పుడు కొండమీంచి సంతకి దిగినోడొకడు తేనె తెచ్చీవోడు. ఆకు దొన్నెలో. అరుగు మీద ఎట్టి ఎల్లిపోయీవోడు. మేం లోపలికి రమ్మనీవోళ్ళం కాదు. పేరు కూడా అడగలేదు." అంతవరకే చెప్పి, పుస్తకాన్ని మళ్ళీ తలగడ కింద పెట్టేశారు. నాన్న అంతసేపు నా దగ్గర కూర్చుని మాట్లాడటం అదే మొదలు.

పరీక్ష రోజున నాన్న నన్ను రిక్షాలో తీసుకెళ్ళి, కింద గదిలోనే కూర్చోబెట్టమని బతిమాలుకున్నారు. సోషల్ పేపర్లో రుతుపవన దేశాల మీద ఒక ప్రశ్న వచ్చింది. ఇంకేముంది, నేను విశాఖపట్నంలో ఓడెక్కేశాను. నీలం నీళ్ళు, మట్టినీళ్ళు, వరి, మిల్లులు, మెత్తటి బువ్వతో సహా రాసుకుంటూ పోయాను. తలెత్తేసరికి గంట కొట్టేస్తున్నారు, సగం ప్రశ్నలు అలాగే ఉన్నాయి. ఇంటికొచ్చి ఏడ్చాను. ఫలితాలొచ్చే దాకా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు. తీరా చూస్తే పాసయ్యాను, అన్నిటికన్నా తక్కువ మార్కులు సోషల్లోనే. టీచరుగారు మార్కులు చూసి, నెలల తరవాత మనసారా నవ్వారు. "నేను సెప్పిన సబ్జెక్టులోనేనేటే! ఓడ దిగడానికి టైము సాల్లేదా?" అన్నారు. నాన్న మాత్రం నన్ను ఎనిమిదిలో చేర్పించి వచ్చి, ఆవిడ ఇంటికి వెళ్ళి చేతులు జోడించి నిలబడ్డారు.

తొంభైల చివరికొచ్చేసరికి నేను రోజూ బస్సులో వెళ్ళొస్తూ అనకాపల్లిలో డిగ్రీ చదువుతున్నాను. టీచరుగారి తల్లి పోయింది. ఆ తల్లి పడుకున్న మంచం మీదికే, మూత్రపిండాలు పాడై, టీచరుగారు చేరారు. సంగతి తెలిసి ఒకరోజు కాలేజీ బస్సు దిగి నేరుగా వెళ్ళాను. నా చేతిలో ఏముందో గుమ్మం దాటేదాకా నేనే చూసుకోలేదు. బ్రెడ్డు పొట్లం, బత్తాయిలు.

"ఏటే, నువ్వూనా?" అన్నారు. గొంతు బాగా సన్నబడిపోయింది. "సర్లే, కూకో. ఏ ఊరు తెచ్చేవు?"

"నేనెక్కడికెళ్ళేను టీచరుగారూ, అనకాపల్లి బస్సు తప్ప?"

"అదే ఎక్కించు. ఈ గది దాటి ఎన్నాళ్ళయిందో నాకు."

కళ్ళు మూసుకున్నారు. అలవాటైన ఆ మూసిన కళ్ళ ముందు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. వెంకన్నపాలెం దగ్గర చెరుకు బళ్ళు అడ్డమొస్తే డ్రైవరు తిట్టే తిట్లు, కిటికీలోంచి వచ్చే బెల్లం పాకం వాసన, తుమ్మపాల దగ్గర ఎక్కే కూరగాయల గంపలు, ఆ గంపలవాళ్ళు తెచ్చుకునే చద్దిమూటలు, శారదా నదిలో నీళ్ళెంతున్నాయో, అన్నీ చెప్పాను. అనకాపల్లి కాంప్లెక్సులో బస్సు ఆపేశాను. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

"అప్పుడే దింపీకే గుంటా" అన్నారావిడ. "ఇంకొంచెం దూరం పోనీ."

స్టేషనుకి నడిపించాను. రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడినుంచి నాకు తెలిసిన దారి ఒక్కటే. ఓడెక్కించాను. నీళ్ళు, నీళ్ళు, నీలంగా అన్నాను, మామ్మ అన్నట్టే. చాలాసేపు నీళ్ళ మీదే ఉన్నాం.

"మట్టినీళ్ళొచ్చేయి టీచరుగారూ."

"గోపురం కనబడతందా?"

"కనబడతంది."

ఆవిడ తల ఊపారు. నేను పాఠం వేళ దాటిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ నెలలోనే పోయారు.

ఇదంతా ఇవాళ మా అమ్మాయికి చెప్పాను, మధ్యమధ్యలో అది దగ్గుతుంటే ఆగుతూ. ఈ పెట్టెలన్నీ తిప్పి పంపేసేంత ధైర్యం నాకు లేదు. పరీక్ష ఉంది, ప్రశ్నా జవాబుల పుస్తకం ఉంచుకుంటాను, ఆఖరి నెలల్లో చదివిస్తాను. మిగతావి పంపేస్తాను. రేపు ఆ ఫోన్ చేసే అబ్బాయికి డిసైడయ్యానని చెప్తాను. ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. టీచరుగారికి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది?

లేచి వెళ్ళి పక్క ఫ్లాటు బెల్లు కొట్టాను. ఏళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాం. ఆవిడ తెలుగులో ఏదో వేరే ఊరి యాస ఉందని తెలుసు, ఏ ఊరో తెలియదు. తలుపు తీసి, "బ్రెడ్డు బాగులేదా అండీ?" అన్నారు కంగారుగా.

"బాగుందండీ. ఒక్కసారి మా ఇంటికి వస్తారా? మా అమ్మాయి మిమ్మల్ని ఒకటి అడగాలంటోంది."

ఆవిడ పమిటకి చేతులు తుడుచుకుంటూ నా వెనకే వచ్చి, ఎప్పటిలాగే మా గుమ్మం దగ్గర ఆగిపోయారు. లోపల మంచం మీద మా అమ్మాయి లేచి కూర్చుని, కాళ్ళు ముడుచుకుని చోటు చేసింది.

"లోపలికి రండి" అన్నాను.

ఆవిడ చెప్పులు విప్పారు.