రెండో అంచు

గద్వాలలో నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ చీర నేస్తూ ఒక అంచు సవరిస్తే, వెంటనే రెండో అంచునూ తడిమి చూసేది. "గీ దిక్కు గుంజితె గా దిక్కు ఏమైతదో చూడాలె గద బిడ్డా" అనేది.

అప్పట్లో నేను సమతౌల్య నమూనాలు నేర్చుకుంటున్నాను. ఒక ధర మారితే జిల్లా అంతటా కూలీ, పంట, కొనుగోళ్లు ఎలా మారతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే చదువు అది. నూలు మీద సబ్సిడీ ఇస్తే మగ్గాలు రెట్టింపవుతాయని నా నమూనా చెప్పింది. మురిసిపోయి పెద్దమ్మకు చెప్పాను.

ఆమె మగ్గంలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపింది. "మంచిదే. మరి గా మగ్గాల మీద కూసునేటోళ్లు యాడికెల్లొస్తరు? ఆళ్లు ఈడికొస్తే పల్లిచేన్ల కలుపెవరు తీస్తరు?"

గదిలోకెళ్లి లెక్క మళ్లీ తెరిచాను. నా నమూనాలో మనుషులకు కొరతే లేదు. ఎందరు కావాలంటే అందరు పుట్టుకొచ్చేవారు. అది దిద్దడానికి నెల పట్టింది. ఈసారి నమూనాలో మగ్గాలు అంతగా పెరగలేదు, చేలో కూలి రేటు పెరిగింది, లెక్క నిలబడింది.

ఆమె పుణ్యాన పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చింది. మిఠాయి డబ్బాతో పరుగెత్తాను. ఒకటి తిని, నా తల నిమిరింది.

"సంబురమే బిడ్డా. మరి రెండో ర్యాంకొచ్చినోళ్లకు పెట్టినవా?"

పెట్టలేదు. ఆమే డబ్బాకు మూతపెట్టి నా చేతికిచ్చింది.