ఆల్చిప్పల మాటకు చప్పట్లు

ఫ్రెంచివాళ్లిచ్చే ఆల్చిప్పల పెంపకం శిక్షణకు ఎంపికవ్వాలంటే ఫ్రెంచిలో మాట్లాడే పరీక్ష నెగ్గాలి. అందుకే నెల్లూరు నుంచి హైదరాబాద్ వచ్చాను. ఆ పెంపకాన్ని ఫ్రెంచిలో ‘కోంకిలికుల్త్యూర్’ అంటారు. అక్కడే నా నాలుక మడతపడేది. చిక్కడపల్లి బస్‌స్టాపులో చెమటలు కక్కుతూ అదే గొణుక్కుంటున్నాను.

"ఏమైంది బిడ్డా, గంత పరేషానైతున్నవ్?" అంది పక్కనున్న పెద్దావిడ.

చెప్పాను.

"ఒక్కసారే మింగకు. ముక్కకో చప్పట కొట్టు, బతుకమ్మ పాట లెక్క." కూరల సంచి కిందపెట్టి, వంగి చప్పట్లు చరుస్తూ పలికించింది. "కోం... కి... లి... కుల్... త్యూర్... ఉయ్యాలో!"

ముక్కూమొహం తెలియని ఇద్దరాడవాళ్లు "ఉయ్యాలో" అని అందుకున్నారు. మా వైపు ఇలా ఎవరూ అందుకోరు.

నారాయణగూడలో పరీక్ష గది. బల్ల కింద చేతులు కదిపాను. మాట తడబడకుండా వచ్చింది. వెనకే ఉయ్యాలో కూడా వచ్చేసింది.

పరీక్ష పెట్టేవాడు కళ్లజోడు సర్దుకుని, ఆ చివరి మాటకు అర్థం ఫ్రెంచిలోనే చెప్పమన్నాడు.