ఆఖరి వరసలో పేరు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు పాఠం మధ్యలో అందింది. తమిళనాడులో, విరుదునగర్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో తమిళం చెప్తాను నేను. ఆ రోజు పాఠం పాతకాలపు కవయిత్రుల గురించి. బల్ల మీద ఫోన్ మూడోసారి గుర్రుమంటుంటే ముందు బెంచీ పిల్లలే "తీయండి మేడమ్" అన్నారు. అవతల మా అమ్మ.

"పాపా, అక్క పోయిందే. జిగురు కలుపుతా కలుపుతా గోడకి ఆనుకొనింది. నిదర పోతాదేమో అనుకొంటిమి" అంది.

కోవిల్‌పట్టి బస్సెక్కాను. సాత్తూరు దాటాక గానీ చూసుకోలేదు, చాక్‌పీసు ఇంకా నా చేతిలోనే ఉంది. చెమటకి మెత్తబడి అరచేయంతా తెల్లగా అయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. కోవిల్‌పట్టి అంచున అగ్గిపెట్టెల పని చేసే వీధిలో రెండు గదుల ఇంట్లో ఉండేది. పది అగ్గిపెట్టెలు కట్టగా పేర్చి, కాగితం చుట్టి, లేబుల్ అంటించడం ఆమె పని. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు కదా, దానివల్ల ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడూ కాస్త నీలంగా ఉండేవి. లేబుల్ పెట్టాక అరచేత్తో రెండుసార్లు చరిచేది. టప్, టప్. ఒకసారి చాలదా అంటే, "ఒకటి కాయితానికి, ఒకటి నా కోపానికి" అనేది. ఏ సాహిత్య చరిత్రలోనూ ఇది కవయిత్రి పరిచయం కాదు, నాకు తెలుసు. కానీ నేను చదివిన కవుల్లో చాలామందికంటే నన్ను ఎక్కువ భయపెట్టిన కవి ఆమె.

మా వాళ్లది గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా వీధిలో ఎవరికీ రావు. నేను ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు మీకు రాయగలుగుతున్నాను. పెద్దమ్మ తన తెలుగు పాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకునేది, అచ్చు తప్పిన లేబుల్ షీట్ల వెనకవైపు. ముందు వైపు లేబుల్ బొమ్మలు, నలభై నెమళ్లు, వంకరగా ఉంటాయి. వెనక్కి తిప్పితే ఒక ఆడమనిషి బతుకు ఉంటుంది.

ఆమె కట్టినవన్నీ ఏడుపు పాటలే. మా వైపు ఆడమనిషి పోతే ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని పాడతారు. బంగారు తల్లివి, మహాలక్ష్మివి, మమ్మల్ని వదిలి పోతివా అని. అవి ఎవరికైనా సరిపోయే పాటలు. పెద్దమ్మకి అవి గిట్టేవి కావు. "అందరికీ ఒకే రవిక తొడిగితే ఎట్ల?" అనేది. పోయిన మనిషికి మాత్రమే సరిపోయేలా తను కట్టేది. ఆ పోయినామె చేసిన చాకిరీ, పడిన మాటలు, తినాలని ఉండి తినలేనిది, చెప్పాలని ఉండి చెప్పలేనిది, అన్నీ వరసగా వచ్చేవి. అన్నీ అయ్యాక ఆఖరి వరసలో పేరు పెట్టి పిలిచేది. అప్పటిదాకా పేరు రాకూడదు. పేరు పిలిచేదాకా మా వీధి ఆడవాళ్లు శవాన్ని లేపనిచ్చేవాళ్లు కాదు.

ఆ పేరు రేషన్ కార్డులో పేరు కాదు. పుట్టింట్లో అమ్మ పిలిచిన పేరు. అది పెళ్లితో సగం పోతుంది మా ఇళ్లల్లో. అత్త పేరూ కోడలి పేరూ ఒకటైతే మరీ అన్యాయం. అత్తని పేరుతో పిలిచినట్టవుతుందని కోడలికి కొత్త పేరు పెట్టి, అదే కార్డులో రాయిస్తారు. ఇంక పాతది అడిగే దిక్కు ఉండదు.

పెద్దమ్మ అడిగేది. మొగుడు పోయిన మనిషి కాబట్టి పెళ్లి పందిట్లోకి పోయేది కాదు. మూడో రోజు, చుట్టాల సందడి తగ్గాక, కడలైమిట్టాయి పొట్లం తీసుకుని కొత్త కోడలి దగ్గరికి పోయేది. వేరుశనగ చెక్క ఆ పిల్ల నోట్లో పెట్టి, "ఏం పాపా, మీ యమ్మ నిన్ను ఏమని పిలుస్తాది?" అనేది. ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పేది. ఏడ్చేసిన వాళ్లూ ఉన్నారట. పెద్దమ్మ ఇంటికొచ్చి ఒక షీటు అడుగున ఆ పేరు రాసి, పైన అంతా ఖాళీ వదిలి దాచేది. మొదట ఆఖరి వరస. మిగతాది ఆ పిల్ల బతకాలి గదా, అనేది.

ఎంత అపశకునమో చూడండి, పెళ్లయిన మూడో రోజే పిల్ల ఏడుపు పాటకి కాగితం తీయడం! నేనే ఒకసారి తిట్టాను. "పోవే, పాట కట్టేదానికి ముందు పేరు అడగాల. సచ్చినాక అడిగితే ఎవురు సెప్తారు?" అంది. ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశాను. ఇప్పుడు దాన్ని మింగలేకుండా ఉన్నాను.

నాకు పదిహేనేళ్లప్పుడు ఒక పెద్ద రైతు ఇంటి కోడలు పోయింది. ఏడెకరాల నల్లరేగడి, భర్త మంచాన పడ్డాక ఆమే దున్నించి, విత్తించి, పిల్లల్ని గట్టెక్కించింది. ఆమె చూస్తుండగానే మరుదులు పట్టా తమ పేర్ల మీదికి మార్చుకున్నారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. శవం దగ్గర కూర్చుని పెద్దమ్మ ఎత్తుకుంది:

"ఏడెకరాల రేగట్లో ఎండకి నల్లబడినావు
కాయితం మీద నీకు వేలెడంత జాగ లేదు
పొయ్యికన్న ముందు లేచి, ఊరికన్న ముందు లేచి
ఇప్పుడే కన్ను మూసినావు, లేపమాకండి, లేపమాకండి."

ఆఖరున "గువ్వా! ఓ గువ్వా!" అని పిలిచింది. అరవై ఏళ్ల ముసలామెను, ఇంటికి పెద్ద కోడలిని, గువ్వా అని! ఆ పుట్టింటి పేరు పెద్దమ్మ ఎప్పుడో ఆమెనే అడిగి దాచుకుంది. ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. వాకిట్లో కుర్చీల్లో ఉన్న మరుదులు లేచి నిలబడ్డారు. మర్నాడు వాళ్లలో ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడి, "సావింట్లో పంచాయితీ ఏమిటికి నీకు?" అని అరిచాడు. పెద్దమ్మ జిగురు చెయ్యి కూడా తుడుచుకోలేదు. "పంచాయితీ కాదు మామా, పాట. సచ్చినప్పుడు కూడా నిజం సెప్పకుంటే ఇంక ఎప్పుడు సెప్పేది?" అంది. ఆయన పోయాక తలుపు దగ్గరికేసి కూర్చుంది. నీళ్లు అడిగింది, నేనే ఇచ్చాను.

నేను కవిత్వం వైపు వచ్చింది ఆ రోజే. తర్వాత చాలా చదివాను. ఏ కాలంలో ఏ ఆడమనిషి ఏం రాసింది, దేవుడి పేరు చెప్పి ఇల్లు వదిలిందెవరు, వంటింటి నుంచి తిరగబడిందెవరు, ఇవాళ ఒంటి గురించి, కులం గురించి బెదరకుండా రాస్తున్న అమ్మాయిలెవరు, అన్నీ పాఠాలుగా చెప్తాను. నాలుగు కవితలు నేనూ అచ్చేశాను. ఒకసారి మా కాలేజీలో కవయిత్రుల సభ పెట్టి పెద్దమ్మని తీసుకొచ్చాను. ఒకమ్మాయి ప్రసవం గురించి చదివింది. ముందు వరసలో పెద్దమనుషులు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. పెద్దమ్మ నా చెవిలో, "బాగ సెప్పినాది పాప. నడుం నొప్పి ఇంకా గట్టిగ సెప్పాల" అంది.

ఆ రోజు నేను మాట్లాడుతూ ఒక సంగతి చెప్పాను. ప్రాచీన తమిళ కవుల్లో కొందరి పేర్లు దొరకలేదు. వాళ్ల పద్యంలోని ఒక మంచి మాటనే వాళ్లకి పేరుగా పెట్టి పిలుస్తాం. అది ఎంత అందమైన సంప్రదాయమో అని కూడా అన్నాను. తిరిగి బస్సులో వస్తున్నప్పుడు కిటికీలోంచి సాత్తూరు వైపు ఎండిన పొలాలు చూస్తూ కూర్చుంది పెద్దమ్మ. తర్వాత అంది: "అంత పాట కట్టిన మనిషిని, నీ పేరేమమ్మా అని అడిగేదానికి ఒక్కరు లేకపోయిరా? అందులో అందం ఏముండాదే?"



మూడేళ్ల క్రితం ఆమె పాటలన్నీ పుస్తకంగా వేద్దామని మొదలుపెట్టాను. ఎనిమిది ఆదివారాలు పోయి ఫోన్‌లో రికార్డు చేశాను. రాగం ఎక్కడ తిరుగుతుంది, ఊపిరి ఎక్కడ ఆగుతుంది, ఏ మాట ఎవరి నోట విన్నావు, అన్నీ గుచ్చి గుచ్చి అడిగాను. చివరి ఆదివారం ఆమె నా గడ్డం పట్టుకుంది. జిగురు వేళ్లు, చల్లగా ఉన్నాయి.

"ఊరందరికీ నేను కడితి. నాకు నువ్వు కట్టాల. ఆ బంగారు తల్లి పాట నా మీద పాడనియ్యొద్దు. సత్యం చెయ్యి" అంది.

చేతిలో చెయ్యి వేశాను. మీరు గుర్తుంచుకోండి, నేను చెయ్యి వేశాను.

ఆ రోజు బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి మైకులో ఏడుపు వినిపిస్తోంది. ఇప్పుడు మా వీధిలో చావింటికి పాటవాళ్లని పిలవడం అలవాటైంది; ఆఖరున మైకు తీసుకుని పేరు పిలిచేది మాత్రం పెద్దమ్మే. చుట్టాలెవరో ముందే చెప్పేశారు. ఇద్దరు కొత్త ఆడవాళ్లు, ఒక డప్పు, రెండు స్పీకర్లు. తమిళంలో పాడుతున్నారు. బంగారు తల్లే, మహాలక్ష్మే. వాళ్ల తప్పు ఏముంది, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. నేను మైకు అడగాలి. ఇరవై ఏళ్లుగా వందల మంది ముందు మాట్లాడిన మనిషిని, లేచి అడగలేదు. పెద్దమ్మ వేళ్లు చూస్తూ కూర్చున్నాను. స్నానం చేయించినా నీలం పోలేదు. ఎత్తుకుపోయారు. పెద్దమ్మ పాటలు మొదలయ్యాక, పేరు పిలవకుండా మా వీధి నుంచి లేచిన మొదటి ఆడమనిషి ఆమే.

పదహారో రోజుకి పాట కట్టాను. పదిహేను రోజులూ అదే పని. పొద్దుటి కర్మకాండ అయ్యి మగవాళ్లు భోజనాలకి కూర్చున్నాక, పెద్దమ్మ పని చేసుకునే గదిలో ఆడవాళ్లని కూర్చోబెట్టాను. పక్కింటి వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. పాడాను. గొంతు బాగాలేదు, రెండుచోట్ల రాగం తప్పింది. అయినా వాళ్లు ఊగడం మొదలుపెట్టారు. నీలం వేళ్లు వచ్చాయి, పందిట్లోకి రానివ్వని పెళ్లిళ్లు వచ్చాయి, కడలైమిట్టాయి వచ్చింది, గుమ్మంలో అరిచిన మరిది వచ్చాడు. ఆఖరి వరస వచ్చింది.

అప్పటికి రెండు వారాలుగా తెలుసు నాకు ఆ వరస ఖాళీ అని. ఆ గదిలో ఎవరో ఒకరు అందిస్తారని నమ్మి కూర్చున్నాను.

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నేను మా అమ్మ వైపు చూశాను.

"నాకు తెలియదు పాపా" అంది అమ్మ. "నేను ఉయ్యాల్లో ఉండగానే మా యమ్మ పోయె. సాకింది అక్కే. నేను అక్కా అనే పిలిస్తి. నాకెవురూ సెప్పలేదు, నేనూ అడగలేదు."

పక్కింటి వదిన ఆమెను అత్తా అనేది. ఎదురింటామె అక్కా అనేది. లేబుళ్లు తెచ్చే మనిషి అమ్మా అనేవాడు. కార్డులో ఉన్నది అత్తగారింటి వాళ్లు పెట్టిన పేరు; ఆమె అత్తదీ ఆమెదీ ఒకే పేరట. ఆ అత్త పోయి ఎన్నో ఏళ్లయింది, ఆ ఒకే పేరు ఏదో ఎవరికీ తెలియదు. వీధిలో ప్రతి కోడలినీ అడిగిన మనిషిని తిరిగి ఒక్కరమూ అడగలేదు. ఒకరి భుజాల మీంచి ఒకరు మెల్లగా చేతులు తీసుకున్నారు. పాట ఒక వరస తక్కువగా ఆగిపోయింది.

ఈ రాతలో ఆమె పేరు ఎక్కడా లేదని మీరు ఈపాటికి గమనించే ఉంటారు. కార్డు పేరు రాయడానికి నాకు మనసొప్పలేదు. పుస్తకం అట్ట మీద ఏం వెయ్యాలో తెలియక అచ్చు ఆపించాను.

ఒక్కరమూ అడగలేదు అన్నాను. అది అబద్ధం. విరుదునగర్ తిరిగొచ్చాక పాత రికార్డింగులన్నీ మళ్లీ విన్నాను. మొదటి ఆదివారం, మొదటి నిమిషంలోనే ఉంది. నా గొంతు, క్లాసులో హాజరు తీసే గొంతు.

"పుస్తకంలో వెయ్యాల పెద్దమ్మా, నీ పేరు సెప్పు."

ఆమె నవ్వింది. చిన్నపిల్ల నవ్వు. "ఏ పేరే? కార్డులో పేరా, మా యమ్మ పిలిసిన పేరా?"

"కార్డులోది చాల్లే పెద్దమ్మా. సాయంత్రం బస్సుకి పోవాల నేను."

ఆ తర్వాత రికార్డింగులో చప్పుళ్లే. బయట ఎక్కడో కోడి అరుస్తుంది. కాగితం మడిచిన చప్పుడు. ఇంకొంచెం ఆగి ఆమె కార్డు పేరు చెప్తుంది. నేను అంతదాకా పోనివ్వను. అక్కడే ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ పెడతాను. కోడి. కాగితం. నీలం వేళ్ల అరచెయ్యి లేబుల్ మీద పడుతుంది, టప్. ఆమె ఊపిరి పీల్చుకుంటుంది, ఏదో చెప్పబోతున్నట్టు. టప్.