కొండ దిగిన వేడినీళ్లు

మొన్న మా అమ్మాయి కాళ్లు పెట్టుకునే కరెంటు తొట్టి కొని తెచ్చింది. మీట నొక్కితే నీళ్లు వేడెక్కుతాయట. "మోకాళ్లకు మంచిది నాన్నా" అంటూ నా ముందుకు జరిపింది. నేను మాట మార్చాను. వేడినీళ్ల విషయంలో వాళ్లమ్మకు నేను చేసిన అన్యాయం ఆ పిల్లకు తెలియదు.

తొంభైల మొదట్లో నేను మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక ఆఫీసులో గుమాస్తాని. కడప జిల్లాలో మా మేడ వేలంలో పోయినా, దాని మర్యాదలన్నీ మస్కట్‌లోనే అజైబా పేటలోని రెండు గదుల ఫ్లాట్‌లో సాగించేవాణ్ణి. కీళ్లనొప్పులతో నా భార్యకు వేళ్లు కూడా ముడుచుకునేవి కావు. కొండల దగ్గరి బహ్లా ఊళ్లో కుట్టుషాపు పెట్టుకున్న మా ఊరి సాయిబు ఒకతను, కొండమీద వేడినీటి ఊట ఉందనీ, తన బండిలో తీసుకుపోతాననీ అన్నాడు. వాళ్ల తాత మా తాతకు గుర్రబ్బండి తోలేవాడు. అందుకేనేమో, ఆ రోజు నేను వెనకసీట్లో, బండి నాదే అన్నట్టు నిటారుగా కూర్చున్నాను.

చెవులు మూసుకుపోయేంత ఎత్తు ఎక్కాం. పైన చలి. రాళ్ల సందుల్లోంచి ఆవిరి, గంధకం వాసన. మాతో వచ్చిన కుట్టుషాపతని భార్య ముందు తన చెయ్యి ముంచి చూసి నా భార్యను పిలిచింది.

"అక్కా, ఊట కాడికి పోవద్దు, బొబ్బలెక్కుతాయి. ఈ కింద కాలవలో కాళ్లు పెట్టుకో. పది నిమిషాలు చాలు. దబాల్న లేయొద్దు, ఎత్తు గదా, కండ్లు తిరుగుతాయి. నేను పట్టుకుంటాలే."

ఆ 'అక్కా' అన్న పిలుపే నాకు గుచ్చుకుంది. నా భార్య మాత్రం నవ్వుతూ చెప్పులు విప్పింది. గట్టున ఒమానీ ఆడవాళ్లున్నారు, కాస్త దూరంగా ఏదో కంపెనీ పనివాళ్లు టీ కాచుకుంటున్నారు. మా మేడలో ఆడవాళ్లు నీళ్ల దగ్గరికి పోయేవాళ్లు కారు, నీళ్లే వాళ్ల గదిలోకి వచ్చేవి.

"నలుగురి ముందూ కాళ్లు బయటపెట్టి కూర్చుంటావా? నీళ్లు ఇంటికి పట్టుకుపోదాం" అన్నాను.

"వేళ్లన్నా తడుపుకుంటానండీ."

నేను బండిలోంచి ఖాళీ డబ్బా తెచ్చాను. కుట్టుషాపతను నవ్వాడు. "కొండ దిగేలోపల చల్లారిపోతాయి సార్. వేడిని డబ్బాలో మోసకపోయేదానికి అయితాదా?"

ఆమె మళ్లీ చెప్పులు తొడుక్కుంది. వంగని వేళ్లతో చాలాసేపు పట్టింది. నేను కొండల వైపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత ప్లాస్టిక్ డబ్బా నింపి, దుప్పటి చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. నీళ్లు బేసిన్‌లో పోసి నేనే ఆమె ముందు పెట్టాను. కాళ్లు పెట్టి, కళ్లు మూసుకుంది.

"ఎలా ఉంది?"

"వెచ్చగానే ఉందండీ."

ఆమె లేచి వెళ్లాక బేసిన్ ఎత్తబోతే నా వేళ్లు తడిశాయి. నీళ్లు మంచులా ఉన్నాయి.

పై ఏడు మళ్లీ తీసుకెళ్దామనుకున్నాను, ఎవరు చూసినా సరే అని. అప్పటికి ఆమె మంచం దిగలేకపోయింది. ఆ పై ఏటికి ఆమే లేదు. మా ఇంటిపేరు చెబితే ఎందరో లేచి నిలబడిన రోజులున్నాయి. కాలం మాత్రం ఎన్నడూ ఆగలేదు.