పచ్చ చీర, నీలం చీర

పోయిన ఎండాకాలం నా మొదటి జీతంతో చీర కొనిద్దామని అమ్మను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి తీసుకెళ్లాను. బట్టల దుకాణంలో మా ముందు పరిచిన చీరలు మా వాడకట్టు ఆడవాళ్లందరికీ సరిపోతాయి. అమ్మ రెండు గంటలు చూసి నీలం చీర తీసుకుంది.

తిరిగొచ్చే బస్సు తాడ్వాయి చేరకముందే, "పచ్చది తీసుకోవాల్సుండె రా" అని మొదలుపెట్టింది. ఎల్లారెడ్డిలో దిగేసరికి ఆ పచ్చ చీరకు దుకాణదారుడు కూడా చెప్పని గొప్పలు వచ్చి చేరాయి. మరునాడు నేనొక్కడినే వెళ్లి మార్చుకొచ్చాను. అమ్మ పచ్చ చీరను ఒళ్లో పెట్టుకుని నిమిరి, "నీలంది గూడ మంచిగనే ఉండె" అంది.

నాకు ఒళ్లు మండింది. "నీకేం కావాల్నో నీకైనా ఎరుకేనా అమ్మా?" అని పక్కింటికి వినబడేలా అరిచాను.

అమ్మ మెల్లగా అంది. "ఎట్ల ఎరుకైతది బిడ్డా? పుట్టింటోళ్లు ఒడిబియ్యంల పెట్టినయి, సుట్టాలు పెండ్లిళ్లల్ల పెట్టినయి కట్టుకున్న. నా చీర నేను ఏరుకునుడు గిదే మొదలు."

వచ్చే జీతంలో ఇంకో చీరకు డబ్బు పక్కన పెట్టాలనుకున్నాను.

నెల తిరిగాక మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి మూడు గంటలు చూసి గులాబీ రంగుది తీసుకుంది. బస్సులో తాడ్వాయి దగ్గర, "ఆ ఎర్రది తీసుకుంటే బాగుండు" అంది.

తన చేత్తో ఏరుకున్న మనిషికే, వదిలేసినదాని మీద ఆ రంది ఉంటుంది. ఎల్లారెడ్డి ఇంకా దూరం ఉంది కాబట్టి, "దాని అంచు ఎట్లుండె అమ్మా?" అని అడిగాను.