కుందేలుకు ఒకటే దారి ఉందా?

మిర్యాలగూడ బళ్లో నాతో చదివిన దోస్తులారా, మన కంప్యూటర్ గది గుర్తుందా? గుమ్మం బయటే చెప్పులు విప్పించేవాళ్లు. లోపల ఏసీ చలి, ఫినాయిల్ వాసన. దసరాకు మానిటర్ మీద పెట్టిన కుంకుమ బొట్టు మళ్లీ దసరా దాకా అలాగే ఉండేది.

ఈ రోజు సూర్యాపేటలో మా పాప స్కూలుకు వెళ్తే అదే వాసన తగిలింది. ఒళ్లు మండిపోయింది.

ఆ కుందేలు ఆట గుర్తుందిగా? బాణం మీటలు నొక్కుతూ కుందేలును క్యారెట్ దగ్గరికి చేర్చాలి. దారి పిల్లలే ఆలోచించి వెతుక్కోవాలని చేసిన ఆట అది. మన సార్ ఏం చేశాడు? కుడికి, పైకి, కుడికి, కిందికి అని బోర్డు మీద రాసి బట్టీ పట్టించాడు! నేను ఆటలోని చెరువు పక్కనుంచి ఇంకో దారి కనిపెట్టాను. కుందేలు క్యారెట్ తిన్నది కూడా. "బోర్డు మీద గిదే ఉన్నదా? ఎవలు చెప్పిన్రు నీకు?" అని స్కేలుతో వేళ్ల మీద కొట్టాడు.

ఇవాళ మా పాప కంప్యూటర్ గది బయట వరుసలో నిలబడి ఏదో గొణుక్కుంటోంది. ఏంటని అడిగాను.

"రోబో ఆట మమ్మీ. స్టెప్పులు బట్టీ పడుతున్న. ఇంకో దారి కూడ ఉన్నది గానీ, అట్ల పోతే సార్ కొడ్తడు."

లోపల పాప వాళ్ల సార్ కనిపించాడు. గుమ్మం దగ్గర ఆయా నన్ను ఆపింది. "మేడమ్, చెప్పులు ఇడువుండ్రి."

విడవలేదు. చెప్పులతోనే లోపలికి వెళ్లాను.