కల రాని పిలుపు

మా చర్చి సంఘంలో దేవుని సేవకు వెళ్తానన్న వాళ్ళకు ముందుగా ఒక కల వచ్చి ఉండాలి. అలాగని ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు. ఒకతనికి తెల్లని బట్టల్లో ఎవరో కనబడి పేరు పెట్టి పిలిచారు. ఇంకొకతనికి టైఫాయిడ్ ముదిరి, డాక్టర్లు ఆశ వదులుకున్నాక స్వరం వినబడింది. ఆదివారం వాళ్ళు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతుంటే మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకునేది. నాకు మాత్రం జ్వరం వస్తే జ్వరమే వచ్చేది.

ఎల్‌బీ నగర్‌లో ఒక టైల్స్ షాపు పైన, మొదటి అంతస్తు హాలు మా మందిరం. డిగ్రీ అయ్యాక నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. టీచర్ పోస్టుల కోసం వచ్చేవాళ్ళకు బ్యాచ్ టైమింగులు చెప్పడం నా పని. నన్ను కూడా అదే కోచింగ్‌లో చేరమని ఇంట్లో నాన్న పోరు. నాకేమో బైబిల్ కాలేజీకి వెళ్ళాలని, పాస్టర్ కావాలని. రెండో మాట అంటే నవ్వుతారని మొదటిదే బయటికి చెప్పేదాన్ని.

ఎందుకని గట్టిగా నిలదీస్తే నా దగ్గర పెద్ద జవాబేమీ ఉండేది కాదు. ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించేది. వెళ్తే లేవాలనిపించేది కాదు. వాళ్ళు చెప్పింది వినడం, అడిగితే ప్రార్థన చేయడం, అంతే. ఇంటికొచ్చాక మాత్రం ఆ రోజు చేయాల్సిన పని చేశానన్న తృప్తి ఉండేది. కోచింగ్ సెంటర్‌లో పొద్దంతా కూర్చున్నా ఆ తృప్తి ఎప్పుడూ రాలేదు. దీన్ని పిలుపంటారో లేదో నాకే తెలియదు.

పాస్టర్ గారి సిఫారసు లేకుండా ఏ బైబిల్ కాలేజీ వాళ్ళూ చేర్చుకోరు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. మంచివారే. వాళ్ళ వైపు అలవాటు ప్రకారం సంఘమంతా ఆయన్ని అయ్యగారూ అనేది. ధైర్యం చేసి వెళ్ళి అడిగాను.

"పిలుపు ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నారు.

"ఎప్పుడని లేదు అయ్యగారూ. చిన్నప్పటిసంది ఉంది."

"అలా కాదు. ప్రభువు నీకు ఏ వాక్యం ఇచ్చాడు? ఉపవాసముండి ప్రభువు మాట కోసం కనిపెట్టుకుని ఉండు. లేదంటే ఇంకో మాట చెప్తాను విను. మా పిన్నిగారబ్బాయి సేవలోనే ఉన్నాడు. బుద్ధిమంతుడు. అతన్ని చేసుకుంటే నువ్వూ సేవలో ఉన్నట్టేగా?"

మా దగ్గర ఆడపిల్ల సేవకు పోవడానికి ఉన్న దారి అదొక్కటే. పాస్టర్‌ను చేసుకుంటే పాస్టరమ్మ అవుతుంది. ఆదివారం పాట ఎత్తుకోవచ్చు, స్త్రీల కూటం నడపొచ్చు, వచ్చిన వాళ్ళందరికీ టీ పెట్టొచ్చు. నాకు ఒళ్ళు మండింది.

"ఆ అబ్బాయికి కల వచ్చిందా అయ్యగారూ?" అన్నాను. ఆయన నవ్వేశారు.

అయినా చెప్పినట్టే ఉపవాసమున్నాను. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పెట్టిన చోట వాక్యం తీసుకోవడం మాలో చాలామంది చేసే పని. నా వేలు వంశావళి మీద పడింది. ఎవరు ఎవరిని కన్నారో వరసగా పేర్లు. వాళ్ళందరికీ పెళ్ళిళ్ళయ్యాయని తప్ప నాకు ఇంకేమీ అర్థం కాలేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మళ్ళీ వేలు పెట్టలేదు.

నాన్న సంగతి వేరు. ఆయన సిటీ బస్సు డ్రైవర్. మాది నల్లగొండ దగ్గర పల్లె. అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. నాన్న పొద్దున్నే ఖాకీ బదులు తెల్లచొక్కా వేసుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయి కూర్చునేవాడు. నా మాట ఎత్తితే చాలు, "తెలంగాణ వస్తే నౌకరీలొస్తయి. గప్పుడు నా బిడ్డ బైబిల్ కాలేజీకి పోతనంటే మంది నవ్వరా? సప్పుడు చెయ్యక చదువుకో" అనేవాడు. ఆయన కాదంటే నేను గడప దాటలేను. ఇటు కల రాలేదు, అటు నాన్న ఒప్పుకోడు. నా బతుకు ఆ రిసెప్షన్ బల్ల దగ్గరే తెల్లారిపోతుందేమోనని నిజంగానే భయపడ్డాను.

ఆ రోజుల్లో సంఘం కూడా రెండుగా కూర్చునేది. కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇళ్ళు కట్టుకున్న వాళ్ళు కిటికీల వైపు, మా నల్లగొండ వాళ్ళు తలుపు వైపు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పాస్టర్ గారు "మా రాష్ట్రాన్ని దీవించు ప్రభువా" అని ప్రార్థన ముగించేవారు. ఏ రాష్ట్రమో చెప్పేవారు కాదు. దాంతో రెండు వైపులా ఆయన మీద కోపమే.

ఒక సాయంత్రం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాం. ఈ కూటాలకు ఒక పద్ధతి ఉంది. పాటలయ్యాక వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరూ తమ విన్నపం చెబుతారు. ప్రార్థన నడిపించే మనిషి ఒక్కటీ వదలకుండా అన్నీ దేవుని ముందు పెట్టాలి. ప్రతిదానికీ అందరూ ఆమెన్ అనాలి. ఎవరి విన్నపమైనా మరిచిపోతే వాళ్ళు చాలా రోజులు ముఖం ముడుచుకుని తిరుగుతారు. నడిపించడం ఎప్పుడూ మగవాళ్ళ పనే.

ఆ రోజు పాస్టర్ గారు రాలేకపోయారు. చౌరస్తాలో సమ్మెవాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి వంటా వార్పు చేస్తున్నారు. ఆయన స్కూటర్ అవతలే ఆగిపోయింది. మీరు మొదలుపెట్టండని ఫోన్ చేశారు. మొదలుపెట్టగల పెద్దలు ఇద్దరున్నారు. ఒకరు నాన్న. రెండోవారు తెనాలి వైపు నుంచి వచ్చి, కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పే మాస్టారు. ఆటోలు లేకపోయినా వనస్థలిపురం నుంచి నడుచుకుంటూ వచ్చారాయన.

విన్నపాలు చెప్పమనగానే నాన్న అందుకున్నాడు. "తెలంగాణ రావాలె. గదే నా విన్నపం."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "రాష్ట్రం కలిసే ఉండాలని ప్రార్థించండి." తర్వాత మెల్లగా అన్నారు, "ఇంకొకటుంది. రేపు మా అమ్మకు డయాలసిస్. రేపేమో బంద్. ఆటో అతను రానన్నాడు. పోయినసారి చౌరస్తాలో నేను నోరు తెరవగానే మా యాస విని ఆపేశారు. ఏం చెయ్యాలో తెలియట్లేదు."

 ఇక ప్రార్థన ఎవరు చేయాలన్నది తేలలేదు. మాస్టారు మొదలుపెడితే నాన్న లేచిపోయేలా ఉన్నాడు, నాన్న మొదలుపెడితే మాస్టారు. చివరికి అమ్మ, "నా బిడ్డ చేస్తది. ఆడపిల్లకు ఏ పార్టీ ఉంటది?" అంది. ఆ కారణం విని మండిపోయింది గానీ అవకాశం వదులుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ప్రభువా, తెలంగాణ రావాలని మా నాయిన అడుగుతున్నడు" అన్నాను. సగం గది ఆమెన్ అంది. "రాష్ట్రం విడిపోవద్దని మాస్టారు అడుగుతున్నరు." మిగతా సగం ఆమెన్ అంది. ఎవరో దగ్గారు. పద్ధతి ప్రకారం నేను చేసింది సరైందే. కానీ రెండింటినీ అలా పక్కపక్కన పెట్టి అంతకుముందు ఎవరూ వినిపించినట్టు లేదు.  అయినా ఆపలేదు.

"ఇద్దరు నిన్నే అడిగిన్రు. నాకు తెలువది, నువ్వే చూస్కో. మాస్టారు వాళ్ళ అమ్మ రేపు దవాఖానకు పోవాలె. చౌరస్తా దాటాలె. ఆడ కూసునేటోళ్ళందరు మా నాయినకు ఎరుకే. ఆయన ఆటోల డ్రైవర్ పక్కకు కూసుంటే ఎవ్వరు ఆపరు. పొద్దుగాల్నే ఆయనను లేపు ప్రభువా. ఎనుక నేను కూసుంట."

ఈసారి గదంతా ఒక్కసారే ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా మాస్టారన్నారు. కళ్ళు తెరిస్తే నాన్న నన్నే చూస్తున్నాడు.

"ప్రార్థన చేసినవా, డ్యూటీ ఏసినవా?" అన్నాడు.

"రెండూ" అన్నాను.

పొద్దున నేను లేపకముందే ఆయన తయారై ఉన్నాడు. మా ఊరి ఆటోవాణ్ణి కూడా పిలిపించాడు. యాస బయటపడుతుందని మాస్టారిని ఇంటి దగ్గరే ఉండమన్నాడు. మాస్టారి తల్లిని సంఘంలో అందరిలాగే నేనూ మామ్మగారూ అనే పిలిచేదాన్ని. ఆమె నాకంటే బక్కది, మాటలు మాత్రం దండిగా. చౌరస్తా దగ్గర నోరెత్తొద్దని నాన్న ఆమెకు మరీ మరీ చెప్పాడు. అక్కడ రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. కర్ర పట్టుకున్న ఒకాయన ఆటోలోకి తొంగిచూసి, "ఏ ఊరవ్వా?" అన్నాడు.

"తెనాలి నాయనా" అంది మామ్మగారు, పెళ్ళిలో బంధువుకు చెప్పినట్టు.

నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "డయాలసిస్‌కు తీస్కపోతున్న అన్నా. జర తొవ్వ ఇయ్యి" అన్నాడు. కర్ర పట్టుకున్నాయన మామ్మగారి ఉబ్బిన పాదాల వైపు చూసి, కర్రతోనే ఒక రాయి పక్కకు నెట్టాడు. "జల్ది పోండ్రి" అన్నాడు.

ఆసుపత్రిలో మామ్మగారికి మిషన్ పెట్టాక, రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. ఆమె తన కాపురం సంగతులన్నీ చెప్పింది. తర్వాత ప్రార్థన చేయమంది. మొదలుపెడితే, "గట్టిగా చెయ్యవే, వినబడట్లేదు" అని కసిరింది. గట్టిగా చేశాను. పక్క మంచం మీద బురఖాలో ఉన్న ఒకావిడ అదంతా విని, "మా కోసం గూడ దువా చెయ్యమ్మా" అంది. ఆమె దగ్గరా కూర్చున్నాను. నాన్న తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు. టీ తాగి రమ్మన్నా పోలేదు.

తిరిగొచ్చి వనస్థలిపురంలో ఆటో దిగాక, మామ్మగారు నా చెయ్యి వదలకుండా అడిగింది. "మళ్ళీ శుక్రవారం వస్తావుగా?"

"వస్తా మామ్మగారూ."

అప్పటిదాకా సేవకు పోతానని నేనే అందరినీ అడుగుతున్నాను. ఆగమనో, చదువుకోమనో, పెళ్ళి చేసుకోమనో అంటున్నారు. రమ్మని నన్ను అడిగిన మొదటి మనిషి ఈమె. ఆటోలో కూర్చుని సంతోషం పట్టలేక ఏడ్చేశాను. నాన్న వెనక్కి తిరగలేదు.

మా సందు మొదట్లో దిగి నడుస్తుండగా అన్నాడు, "మందిరంల నిన్ను ముందట నిలవడనియ్యరు."

"తెలుసు నాయినా."

"మంచి సంబంధాలు గూడ రావు."

"తెలుసు."

ఇల్లు వచ్చింది. గేటు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"మా అవ్వ పానం పోయేటప్పుడు పక్కకు ఎవ్వరు లేరు. నేను డ్యూటీల బస్సు మీద ఉన్న. నాకు మాపటికి చెప్పిన్రు" అన్నాడు. నానమ్మ పోయిన సంగతి ఆయన నోట అంతకుముందు ఎన్నడూ వినలేదు. "నీ అసోంటి పిల్ల ఒక్కతి ఆడ ఉంటే, ఆమె చెయ్యి పట్టుకుంటుండె."

 ఆయన గేటు తీసి పక్కకు జరిగాడు.

"పో బిడ్డా, ఆ కాలేజీకి పో. పాస్టర్ సాబుతోని నేను మాట్లాడుత."